మ్యాక్‌లో విండోస్ గేమ్స్ ఆడటం ఎలా: ముందు గేమ్‌ని చూడండి, తర్వాతే యాప్

మ్యాక్‌లో గేమ్స్ గురించి ఎవరిని అడిగినా రెండు రకాల జవాబులు వస్తాయి. "మ్యాక్ గేమ్స్‌కి పనికిరాదు, వేరే కంప్యూటర్ కొనుక్కో" అనేది ఒకటి. "ఫలానా యాప్ వేసుకో, విండోస్ గేమ్స్ అన్నీ ఆడేయొచ్చు" అనేది రెండోది. మొదటి మాట విని ఊరుకుంటే, మ్యాక్‌లో చక్కగా నడిచే ఎన్నో గేమ్స్‌ని చేజేతులా వదులుకున్నట్టే. రెండో మాట నమ్మి డబ్బు పెడితే, తీరా మీరు ఆడాలనుకున్న ఆ ఒక్క గేమే తెరుచుకోకపోవచ్చు.

ఒక్కో గేమ్‌కి ఒక్కో దారి ఉంటుంది. ఏ యాప్ వేసుకోవాలన్నది మీరు ఆడబోయే గేమే తేలుస్తుంది. అందుకే ఈ గైడ్‌లో డౌన్‌లోడ్ చేసే పని కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. ముందు పది నిమిషాలు గేమ్ గురించి చూసుకుంటే తర్వాత రెండు రోజుల తలనొప్పి తప్పుతుంది.

అసలు ఎందుకు నడవదు?

ఇది తెలిస్తే తర్వాత వచ్చే ప్రతి ఇబ్బందికీ కారణం మీకే అర్థమవుతుంది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

విండోస్ గేమ్ మ్యాక్‌లో నేరుగా తెరుచుకోకపోవడానికి మూడు కారణాలు. ఒకటి, ఫైల్ తెరవాలన్నా, శబ్దం వినిపించాలన్నా, మౌస్ ఎటు కదిలిందో తెలుసుకోవాలన్నా గేమ్ విండోస్‌నే అడుగుతుంది. మ్యాక్‌లో ఆ విండోస్ లేదు. రెండు, తెర మీద బొమ్మ గీయడానికి ఎక్కువ గేమ్స్ మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్‌ని వాడతాయి. మ్యాక్‌లో ఆ పని చేసేది యాపిల్ వారి మెటల్. మూడు, 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1, ఆ తర్వాత వచ్చిన యాపిల్ చిప్‌లు ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం తయారైన కోడ్‌ని నేరుగా నడపలేవు.

ఈ మూడింటికీ మూడు పరిష్కారాలు ఉన్నాయి. గేమ్ విండోస్‌ని అడిగే ప్రతిదానికీ మ్యాక్ తరఫున జవాబిచ్చేది వైన్. ఇది 1993లో మొదలైన ఉచిత ప్రాజెక్టు, ఈ రోజుకీ సాగుతూనే ఉంది. డైరెక్ట్‌ఎక్స్ 11, 12 ఆజ్ఞలను మెటల్‌లోకి మార్చేది డీ3డీమెటల్. 2023 జూన్‌లో యాపిల్ బయటపెట్టిన గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్‌లో ఇదే ముఖ్యమైన భాగం. ఇక ఇంటెల్ కోడ్‌ని యాపిల్ చిప్‌కి అర్థమయ్యేలా మార్చేది రోసెటా 2. మీరు గేమ్‌లో పరుగెత్తుతున్నంతసేపూ ఈ మూడూ ఒకేసారి పని చేస్తూ ఉంటాయి. ఇన్ని మార్పుల మధ్య కూడా చాలా గేమ్స్ హాయిగా ఆడుకునేంత వేగంతో నడుస్తున్నాయంటే, ఇన్నేళ్లుగా దీని మీద పని చేసినవాళ్లని మెచ్చుకోకుండా ఉండలేను.

మొదటి పని: మీ మ్యాక్ ఏదో తెలుసుకోండి

తెర మీద ఎడమవైపు పైన యాపిల్ గుర్తు నొక్కి "అబౌట్ దిస్ మ్యాక్" తెరవండి. మూడు విషయాలు చూడాలి.

చిప్ దగ్గర ఎం1, ఎం2, ఎం3 లాంటి పేరు ఉంటే మీది యాపిల్ సిలికాన్ మ్యాక్. ఇంటెల్ అని ఉంటే మీ దారి కొంత వేరు. దాని గురించి చివర్లో విడిగా రాశాను.

మెమరీ ఎంతో చూడండి. యాపిల్ చిప్‌లో ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి ఒకే మెమరీ ఉంటుంది. 8 జీబీ ఉన్న మ్యాక్‌లో పాత గేమ్స్, చిన్న స్టూడియోల గేమ్స్ బాగానే నడుస్తాయి కానీ ఈ మధ్య వచ్చిన పెద్ద గేమ్స్ చాలా ఇబ్బంది పెడతాయి. వాటికి 16 జీబీ ఉండాలి.

మ్యాక్‌ఓఎస్ వెర్షన్ కూడా ముఖ్యమే. డీ3డీమెటల్ బాగా పని చేయాలంటే సొనోమా లేదా ఆ తర్వాతిది ఉండాలి. కొన్ని కొత్త గేమ్స్ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే సదుపాయం ఉంటే తప్ప తెరుచుకోవు. రోసెటా 2కి ఆ సదుపాయం 2024లో సెకోయాతో వచ్చింది. కాబట్టి సెకోయా గానీ, దాని తర్వాతిది గానీ ఉంటే మంచిది.

ఇదే సమయంలో ఖాళీ ఎంత ఉందో చూసుకోండి. పెద్ద గేమ్స్ 100 జీబీ దాటడం ఇప్పుడు మామూలే. డౌన్‌లోడ్ అయ్యాక విప్పుకోవడానికి ఇంకొంత చోటు కావాలి. మ్యాక్ లోపలి స్టోరేజ్ తక్కువగా ఉంటే ఒక ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ తీసుకోండి. పాత రకం తిరిగే హార్డ్ డిస్క్ మాత్రం వద్దు, లోడింగ్ దగ్గరే ఓపిక అయిపోతుంది.

రెండో పని: గేమ్ గురించి తెలుసుకోండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

అన్నిటికంటే ముందు, ఆ గేమ్‌కి మ్యాక్ వెర్షన్ ఇప్పటికే ఉందేమో చూడండి. చాలామంది ఈ సంగతి చూసుకోకుండానే కష్టమైన దారిలోకి దిగిపోతారు. గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ దుకాణమైన స్టీమ్‌లో గేమ్ పేజీ మీద విండోస్ గుర్తు పక్కన యాపిల్ గుర్తు ఉంటే మ్యాక్ వెర్షన్ ఉన్నట్టే. బాల్డర్స్ గేట్ 3, నో మ్యాన్స్ స్కై, స్టార్‌డ్యూ వ్యాలీ, డోటా 2, సివిలైజేషన్ 6 ఇలా ఉన్నవే. సైబర్‌పంక్ 2077 కూడా 2025 జులైలో మ్యాక్‌కి వచ్చింది. స్టీమ్‌లో మామూలుగా ఒకసారి కొంటే విండోస్, మ్యాక్ రెండు వెర్షన్లూ మీవే. అదే గేమ్‌ని మ్యాక్ యాప్ స్టోర్‌లో కొంటే అది వేరే కొనుగోలు అవుతుంది, విండోస్ వెర్షన్ రాదు. అందుకే రెండు చోట్లా ఉన్న గేమ్‌ని నేనైతే స్టీమ్‌లోనే కొనమంటాను.

యాపిల్ గుర్తు కనిపించగానే కొనేయకండి. 2019లో వచ్చిన కాటలీనాతో మ్యాక్‌ఓఎస్ 32 బిట్ యాప్‌లను నడపడం మానేసింది. అంతకుముందు వచ్చిన చాలా గేమ్స్ మ్యాక్ వెర్షన్లు ఆ దెబ్బతో ఆగిపోయాయి. పోర్టల్ 2 అలాంటిదే. విచిత్రం ఏమిటంటే, అదే గేమ్ విండోస్ వెర్షన్‌ని క్రాస్‌ఓవర్ అనే యాప్ ద్వారా (దాని గురించి మూడో పనిలో చెబుతాను) ఇప్పుడు కూడా మ్యాక్‌లో ఆడుకోవచ్చు. కాబట్టి పాత మ్యాక్ గేమ్ తెరుచుకోలేదని బెంగ పెట్టుకోకండి, దాని విండోస్ వెర్షన్‌తో ప్రయత్నించండి.

మ్యాక్ వెర్షన్ లేకపోతే తర్వాత చూడాల్సింది యాంటీ చీట్. ఆన్‌లైన్‌లో పదిమందితో పోటీపడే గేమ్స్‌లో మోసాలు పట్టుకోవడానికి ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటుంది. కొన్ని గేమ్స్‌లో అది విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలే కూర్చుంటుంది. వైన్‌లో అలాంటి కెర్నెలే లేదు కాబట్టి గేమ్ మొదట్లోనే ఆగిపోతుంది. వర్చువల్ మెషీన్‌లో (మ్యాక్ లోపలే పూర్తి విండోస్ నడిపే యాప్‌లో) పెట్టినా ఆ ప్రోగ్రామ్ గుర్తుపట్టి ఆపేస్తుంది. వాలరెంట్‌కి అందువల్లే మ్యాక్‌లో దారి లేదు. ఫోర్ట్‌నైట్ లాంటివి మాత్రం క్లౌడ్‌లో, అంటే వేరేచోటి కంప్యూటర్లలో నడిపి నెట్ ద్వారా, ఆడొచ్చు. యాంటీ చీట్‌ని ఎలా దాటాలో చెప్పే చిట్కాలు వెతికితే దొరుకుతాయి, వాటి జోలికి మాత్రం వెళ్లకండి. అలా చేస్తే మీ అకౌంట్ శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి ఆడి సంపాదించినదంతా దాంతోపాటే పోతుంది.

ఈ రెండు పరీక్షలూ దాటితే, అంటే మ్యాక్ వెర్షన్ లేదు, గట్టి యాంటీ చీట్ కూడా లేదు అంటే, మీ గేమ్ క్రాస్‌ఓవర్‌లో నడిచే అవకాశం బాగానే ఉంది. ఖాయం చేసుకోవడానికి రెండు చోట్ల వెతకండి. క్రాస్‌ఓవర్ తయారుచేసే కోడ్‌వీవర్స్ సైట్‌లో ఒక్కో గేమ్‌కి స్టార్ రేటింగ్ ఉంటుంది. యాపిల్ గేమింగ్ వికీలో అదే గేమ్ ఏ పద్ధతిలో ఎలా నడుస్తుందో విడివిడిగా రాసి ఉంటుంది. రేటింగ్ ఒక్కటే కాకుండా అది ఏ తేదీన రాసిందో కూడా చూడండి. మూడేళ్ల కింద "నడవదు" అని రాసిన గేమ్ ఇప్పుడు చక్కగా నడుస్తూ ఉండొచ్చు. గేమ్‌కి కొత్త అప్‌డేట్ వచ్చాక దీనికి ఉల్టా కూడా జరుగుతుంది.

మూడో పని: క్రాస్‌ఓవర్ పెట్టుకోవడం

ఒంటరిగా ఆడుకునే పెద్ద గేమ్స్‌లో ఎక్కువ వాటికి నేను చెప్పే దారి ఇదే. వైన్‌నీ డీ3డీమెటల్‌నీ కలిపి, నొక్కడానికి బటన్లు పెట్టిన యాప్ క్రాస్‌ఓవర్. విడిగా విండోస్ కొనక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు. ఇది డబ్బు పెట్టి కొనాల్సిన యాప్, కానీ 14 రోజుల ఉచిత ట్రయల్ ఉంది. కొన్నాక ఏడాదిపాటు అప్‌డేట్లు వస్తాయి. ఆ తర్వాత కొత్త అప్‌డేట్లు ఆగినా మీ దగ్గరున్న వెర్షన్ పని చేస్తూనే ఉంటుంది.

ట్రయల్‌ని తెలివిగా వాడుకోండి. స్టీమ్‌లో గేమ్ కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, డబ్బు వాపసు అడగొచ్చు. అందుకని గేమ్ కొనడం, క్రాస్‌ఓవర్ ట్రయల్ మొదలుపెట్టడం ఒకే రోజు చేయండి. గేమ్ నడవకపోతే రెండు వైపులా మీకు నష్టం ఉండదు. గేమ్ తెరిచి సెట్టింగ్స్‌తో కుస్తీ పడే సమయం కూడా ఆ రెండు గంటల్లో లెక్కలోకే వస్తుంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ఒక్కొక్కటిగా:

కోడ్‌వీవర్స్ సైట్ నుంచి క్రాస్‌ఓవర్ డౌన్‌లోడ్ చేసి, అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి లాగి, తెరవండి. మీ మ్యాక్‌లో రోసెటా 2 ఇంకా లేకపోతే ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడుగుతుంది. సరే అనండి.

క్రాస్‌ఓవర్‌లో "ఇన్‌స్టాల్" నొక్కి, వెతికే చోట స్టీమ్ అని కొట్టండి. జాబితాలో వచ్చిన స్టీమ్‌ని ఎంచుకుంటే ఒక "బాటిల్" తయారవుతుంది. బాటిల్ అంటే ఒక చిన్న విండోస్ ప్రపంచం అనుకోండి. దానికి సొంత సీ డ్రైవ్, సొంత సెట్టింగ్స్ ఉంటాయి. మధ్యలో ఫాంట్లు, ఇంకేవో భాగాలు పెట్టమంటూ కొన్ని కిటికీలు తెరుచుకుంటాయి. అన్నిటికీ ఒప్పుకుంటూ పోండి.

స్టీమ్ తెరుచుకున్నాక మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. ఇక్కడ చాలామంది తికమక పడతారు. మీ మ్యాక్‌లో ముందే స్టీమ్ ఉన్నా సరే, ఇది వేరే స్టీమ్. మ్యాక్ స్టీమ్‌లో మ్యాక్ గేమ్స్ మాత్రమే ఇన్‌స్టాల్ అవుతాయి, విండోస్ గేమ్స్‌కి అక్కడ బటనే పని చేయదు. బాటిల్ లోపలి స్టీమ్ తాను విండోస్‌లో ఉన్నాననుకుంటుంది, అందుకే విండోస్ గేమ్స్ ఇస్తుంది. అకౌంట్ మాత్రం ఒకటే. స్టీమ్ క్లౌడ్ ఉన్న గేమ్ అయితే వేరే కంప్యూటర్‌లో ఆడిన సేవ్‌లు ఇక్కడికి కూడా వస్తాయి.

గేమ్ ఇన్‌స్టాల్ చేయండి. ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో పెట్టాలనుకుంటే స్టీమ్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర కొత్త ఫోల్డర్ కలపండి. బాటిల్ లోపల నుంచి చూస్తే మీ మ్యాక్ మొత్తం "జెడ్" డ్రైవ్‌గా కనిపిస్తుంది, ఎస్ఎస్‌డీ దాని లోపల "వాల్యూమ్స్" అనే ఫోల్డర్‌లో ఉంటుంది.

గేమ్ తెరిచే ముందు క్రాస్‌ఓవర్‌లో ఆ బాటిల్‌ని ఎంచుకుని, పక్కన ఉన్న సెట్టింగ్స్ చూడండి. గ్రాఫిక్స్ దగ్గర ఆటో, డీ3డీమెటల్, డీఎక్స్‌ఎంటీ, డీఎక్స్‌వీకే లాంటి ఎంపికలు ఉంటాయి, ఆటో తప్ప మిగతావి డైరెక్ట్‌ఎక్స్ ఆజ్ఞలను మార్చే వేర్వేరు పద్ధతులు. మొదట ఆటోలోనే ప్రయత్నించండి. అది కుదరకపోతే ఇలా వెళ్లండి. డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్ అయితే డీ3డీమెటల్. డైరెక్ట్‌ఎక్స్ 11 అయితే డీ3డీమెటల్, డీఎక్స్‌ఎంటీ రెండూ పెట్టి చూసి ఏది మెరుగైతే అది ఉంచుకోండి. డైరెక్ట్‌ఎక్స్ 9 లేదా అంతకంటే పాతదైతే ఆటోలోనే వదిలేయండి. సింక్రొనైజేషన్ దగ్గర ఎంసింక్ పెడితే చాలా గేమ్స్‌లో వేగం పెరుగుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ బాటిల్‌లోని ప్రోగ్రామ్‌లన్నీ మూసి, స్టీమ్‌ని మళ్లీ తెరవండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో మీకే తెలియదు.

మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు అక్కడక్కడా తెర ఒక్క క్షణం బిగుసుకుపోయినట్టు ఆగుతుంది. కొత్త చోటుకి వెళ్లినా, కొత్త మంటో పొగో కనిపించినా మళ్లీ ఆగుతుంది. షేడర్లను (తెర మీద వెలుగు, రంగులు గీసే చిన్న ప్రోగ్రామ్‌లను) అప్పటికప్పుడు మెటల్ కోసం తయారు చేసుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఒకసారి తయారైనవి దాచుకుంటుంది కాబట్టి ఆడేకొద్దీ తగ్గిపోతుంది. మొదటి పావుగంట చూసి "ఇది నడవదు" అని తేల్చేయకండి. పాపం చాలా మంచి గేమ్స్‌ని జనం ఇక్కడే వదిలేస్తున్నారు.

గేమ్ బాగా నడిచిందంటే ఆ బాటిల్‌ని ఒక ఆర్కైవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. రేపు ఏదైనా పాడైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. మొండి గేమ్ ఏదైనా ఉంటే దానికి విడిగా ఒక బాటిల్ చేయండి, అప్పుడు దాని కోసం మార్చిన సెట్టింగ్స్ మిగతా గేమ్స్‌ని చెడగొట్టవు.

ఎపిక్, జీఓజీల్లో గేమ్స్ కొన్నవాళ్లు హీరోయిక్ గేమ్స్ లాంచర్ చూడండి. ఉచితం, ఆ రెండు స్టోర్లనీ ఒక్కచోటే చూపిస్తుంది, లోపల వైన్ వాడుకుంటుంది. పాత వీడియోల్లో మీకు విస్కీ అనే ఉచిత యాప్ పేరు పదేపదే వినిపిస్తుంది. ఒకప్పుడు మంచి యాప్ అది. కానీ 2025లో దాని తయారీ ఆగిపోయింది, ఇప్పుడు కొత్తగా దానితో మొదలుపెట్టవద్దు. యాపిల్ వారి గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్‌ని నేరుగా దించుకోవాల్సిన పని కూడా లేదు. అది గేమ్స్ తయారుచేసేవాళ్ల కోసం ఉద్దేశించింది, అందులో మనకు కావాల్సిన భాగం క్రాస్‌ఓవర్‌లో ఉండనే ఉంది.

ఇంకొక ముఖ్యమైన మాట. దొంగ కాపీ గేమ్స్‌ని బాటిల్‌లో పెడితే మ్యాక్‌కి ఏమీ కాదనే నమ్మకం చాలామందిలో ఉంది. అది తప్పు. బాటిల్ అనేది తాళం వేసిన గది కాదు. జెడ్ డ్రైవ్ ద్వారా మీ ఫోటోలు, డాక్యుమెంట్లు లోపలి ప్రోగ్రామ్‌కి అందుబాటులోకి రావొచ్చు. విండోస్ వైరస్ కూడా ఒక విండోస్ ప్రోగ్రామే, వైన్ దాన్ని కూడా నడుపుతుంది.

గేమ్ లోపలి సెట్టింగ్స్

గేమ్ తెరుచుకుంది కానీ నత్తనడక నడుస్తోంది. అప్పుడు ముందుగా చూడాల్సింది రిజల్యూషన్. మ్యాక్‌బుక్ తెరల్లో చుక్కలు చాలా ఎక్కువ. గేమ్ వాటన్నిటినీ నింపాలని చూస్తే ఎంత మంచి చిప్ అయినా అలసిపోతుంది. క్రాస్‌ఓవర్‌లో హై రిజల్యూషన్ మోడ్ ఆఫ్‌లో ఉంచి, గేమ్‌లో 1080 స్థాయికి దగ్గరగా ఉన్న రిజల్యూషన్ పెట్టండి. తేడా మీరు వెంటనే గమనిస్తారు.

తర్వాత రే ట్రేసింగ్ (వెలుగు ఎలా పడుతుందో నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఆపేయండి. నీడలు, పొగమంచు, ప్రతిబింబాల నాణ్యత మీడియం లేదా లో పెట్టండి. టెక్స్‌చర్ (వస్తువుల పైపొర బొమ్మల) నాణ్యత మాత్రం మెమరీ ఉంటే హై లోనే ఉంచొచ్చు, దాని వల్ల వేగం పెద్దగా తగ్గదు, చూపులో మాత్రం చాలా తేడా వస్తుంది. గేమ్‌లో ఎఫ్ఎస్ఆర్ ఉంటే "క్వాలిటీ" లేదా "బ్యాలెన్స్‌డ్" పెట్టండి. చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దదిగా చూపించే ఈ పద్ధతి మ్యాక్‌లో నిజంగా ఆదుకుంటుంది.

ఆఖరిగా ఫ్రేమ్‌లకి, అంటే సెకనుకి గీసే బొమ్మలకి, ఒక హద్దు పెట్టండి. 45 నుంచి 70 మధ్య ఊగిసలాడే గేమ్ కంటే 40 దగ్గర నిలకడగా ఉండేది కళ్లకి హాయిగా ఉంటుంది. మ్యాక్‌బుక్ ఎయిర్ వాడేవాళ్లకి ఇది మరీ అవసరం. అందులో ఫ్యాన్ లేదు కాబట్టి వేడెక్కిన కొద్దీ చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు పరుగెత్తిన గేమ్ తర్వాత ఈడిగిలపడటానికి కారణం అదే. ఛార్జర్ పెట్టి ఆడండి, లో పవర్ మోడ్ ఆఫ్ చేయండి, ల్యాప్‌టాప్‌ని పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద పెట్టండి.

క్లౌడ్ ఎప్పుడు మేలు?

యాంటీ చీట్ అడ్డొచ్చినా, మీ మ్యాక్ చాలదనిపించినా క్లౌడ్ వైపు చూడండి. ఎన్విడియా వారి జీఫోర్స్ నౌలో గేమ్ వాళ్ల కంప్యూటర్లలో నడుస్తుంది, మీకు వీడియోగా వస్తుంది. మ్యాక్‌కి యాప్ ఉంది. మీ మ్యాక్ కాస్త పాతదైనా పెద్ద తేడా ఉండదు.

ముందు ఈ సేవ మీ దేశంలో ఉందో లేదో చూడండి. తర్వాత మీ గేమ్ వాళ్ల జాబితాలో ఉందో లేదో చూడండి. మీరు గేమ్ కొన్నంత మాత్రాన అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. రెండూ ఉంటే యాప్‌లో మీ స్టీమ్ లేదా ఎపిక్ అకౌంట్ కలిపి, అక్కడ మీకున్న గేమ్‌ని తెరవడమే. ఉచిత ఖాతాలో వరుసలో వేచి ఉండాలి, ఒక్కో సెషన్ గంటసేపే. డబ్బు కట్టే ముందు ఆ ఉచిత గంటలో మీ నెట్ ఎలా ఉందో పరీక్షించుకోండి.

1080 నాణ్యతతో సెకనుకి 60 ఫ్రేమ్‌లు కావాలంటే 25 ఎంబీపీఎస్ నెట్ ఉండాలని ఎన్విడియా చెబుతుంది. ఆ వేగాన్ని నిండుగా వాడితే గంటకి 11 జీబీ దాటుతుంది. నెలకి ఇంతే అని డేటా హద్దు ఉన్నవాళ్లు ఈ లెక్క మర్చిపోకూడదు. నిజానికి వేగం కంటే ఆలస్యమే ఎక్కువ బాధ పెడుతుంది. సర్వర్‌కి వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్ల లోపు పడితే బాగుంటుంది, 80 దాటితే కష్టం. కేబుల్‌తో కలిపితే అన్నిటికంటే మంచిది. వైఫై అయితే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వాడండి. గురి చూసి కాల్చే గేమ్స్‌లో ఈ ఆలస్యం చేతికి తెలుస్తుంది, కథ నడిపే గేమ్స్‌లో రెండు నిమిషాల్లో మర్చిపోతారు.

మైక్రోసాఫ్ట్ వారి గేమ్ పాస్ సభ్యత్వం ఉన్నవాళ్లు ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్‌ని బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. ఇంట్లో వేరే విండోస్ కంప్యూటర్ ఉంటే ఏ సభ్యత్వమూ అక్కర్లేదు. స్టీమ్ లింక్ యాప్‌తో అందులోని గేమ్‌ని మీ మ్యాక్ తెర మీదకి తెచ్చుకోవచ్చు.

వర్చువల్ మెషీన్ గురించి

పారలల్స్ డెస్క్‌టాప్ లాంటి యాప్‌తో మ్యాక్ లోపలే పూర్తి విండోస్ 11 నడపొచ్చు. యాపిల్ సిలికాన్‌లో నడిచేది ఆర్మ్ విండోస్, దీనికి 2023లో మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకుంది. ఆఫీసు పనులకి ఇది చాలా బాగుంటుంది. గేమ్స్‌కి మాత్రం నేను దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. డైరెక్ట్‌ఎక్స్ 12 గేమ్స్ ఇందులో నడవవు, విండోస్ కోసమే కొన్ని జీబీల మెమరీ పోతుంది, విండోస్ లైసెన్స్ ఖర్చు వేరు. పాత గేమ్స్, నిదానంగా ఎత్తు వేసి ఆడేవి, విండోస్‌లోనే నడిచే మాడ్ టూల్స్ (గేమ్‌ని మార్చుకునే పనిముట్లు) కావాల్సినవాళ్లకి ఉపయోగం.

ఇంటెల్ మ్యాక్ ఉన్నవాళ్లకి

మీకు బూట్ క్యాంప్ ఉంది, మ్యాక్‌లో విడిగా విండోస్ పెట్టుకునే యాపిల్ సదుపాయం ఇది. యూటిలిటీస్ ఫోల్డర్‌లో బూట్ క్యాంప్ అసిస్టెంట్ తెరిచి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించిన విండోస్ 10 64 బిట్ ఐఎస్ఓ ఫైల్‌ని చూపించండి. దీనికి కనీసం 64 జీబీ ఖాళీ ఉండాలి, గేమ్స్ కోసం కాబట్టి 128 జీబీకి తగ్గకుండా ఇవ్వండి. మొదలుపెట్టే ముందు టైమ్ మెషీన్‌తో బ్యాకప్ తప్పకుండా తీసుకోండి, డిస్క్‌ని విభజించే పని ఇది. ఆ తర్వాత మ్యాక్ ఆన్ చేసేటప్పుడు ఆప్షన్ కీ నొక్కి పట్టుకుంటే విండోసా, మ్యాకా అని అడుగుతుంది. ఇక్కడ మధ్యలో మార్చేవేవీ ఉండవు, మీ కంప్యూటర్ నిజంగానే విండోస్ కంప్యూటర్ అయిపోతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, బూట్ క్యాంప్ అధికారికంగా విండోస్ 11ని ఒప్పుకోదు. అందుకని ఆ విండోస్‌ని గేమ్స్ వరకే వాడండి, బ్యాంకు పనులు మ్యాక్ వైపు చేసుకోండి.

మౌస్, కీబోర్డ్, కంట్రోలర్

ట్రాక్‌ప్యాడ్‌తో విండోస్ గేమ్స్ ఆడటం కష్టం. ఎలాంటిదైనా సరే ఒక మౌస్ పెట్టుకోండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో మౌస్, అందులో అడ్వాన్స్‌డ్ దగ్గర పాయింటర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేస్తే గురి కుదురుతుంది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఎఫ్1, ఎఫ్2 కీలను మామూలు ఫంక్షన్ కీలుగా మార్చండి, లేకపోతే గేమ్ సేవ్ చేయబోతే తెర వెలుగు మారుతుంది. కంట్రోల్ కీ పట్టుకుని బాణం కీ నొక్కితే మ్యాక్ వేరే డెస్క్‌టాప్‌కి దూకుతుంది. చాలా గేమ్స్‌లో వంగి నడవడానికి కంట్రోల్ కీయే ఉంటుంది కాబట్టి షార్ట్‌కట్స్‌లో మిషన్ కంట్రోల్ కింద దాన్ని తీసేయండి.

ప్లేస్టేషన్ 4, 5 కంట్రోలర్లు, బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లు మ్యాక్‌కి నేరుగా కలుస్తాయి. యాపిల్ సిలికాన్‌లో, సొనోమా నుంచి, మ్యాక్ కోసం చేసిన గేమ్‌ని ఫుల్ స్క్రీన్‌లో తెరవగానే గేమ్ మోడ్ దానంతటదే ఆన్ అవుతుంది. అప్పుడు కంట్రోలర్ ఆలస్యం కూడా తగ్గుతుంది.

తెరుచుకోకపోతే

నల్ల తెర వచ్చి ఆగిపోతే గ్రాఫిక్స్ ఎంపిక మార్చి చూడండి. ఎక్కువసార్లు అక్కడే సరిపోతుంది. "ఫలానా డీఎల్ఎల్ లేదు" అని వస్తే క్రాస్‌ఓవర్ ఇన్‌స్టాల్ జాబితాలో విజువల్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్ వెతికి అదే బాటిల్‌లో పెట్టండి. కొన్ని గేమ్స్ స్టీమ్‌లో కొన్నా మళ్లీ సొంత లాంచర్ తెరుస్తాయి, ఆ లాంచర్ అప్‌డేట్ అయినప్పుడల్లా పేచీ పెడుతుంది. అలాంటప్పుడు కొత్త బాటిల్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే తొందరగా తేలే పని. గేమ్ ఫైళ్లు ఎస్ఎస్‌డీలో ఉంటే, కొత్త బాటిల్‌లోని స్టీమ్‌కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు, మళ్లీ అంతా డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

నిన్నటిదాకా నడిచిన గేమ్ ఈ రోజు ఆగిపోతే ఏది అప్‌డేట్ అయిందో ఆలోచించండి: గేమా, మ్యాక్‌ఓఎస్సా? మ్యాక్‌ఓఎస్ పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోకండి, క్రాస్‌ఓవర్ దానికి తగ్గ వెర్షన్ తెచ్చేదాకా ఆగండి. రోసెటా 2 విషయంలో యాపిల్ 2025లో ఒక మాట చెప్పింది. అది పూర్తిగా పని చేసేది మ్యాక్‌ఓఎస్ 27 వరకే, ఆ తర్వాత పాత గేమ్స్‌కి అవసరమైన కొంత భాగాన్నే ఉంచుతారు. కాబట్టి 27 తర్వాతి మ్యాక్‌ఓఎస్‌కి మారే ముందు, మీరు వాడే క్రాస్‌ఓవర్ వెర్షన్ అందులో పని చేస్తుందని కోడ్‌వీవర్స్ చెప్పిందో లేదో చూసుకుని మారండి.